రెండు కేబిన్ బ్యాగులు, ఒక చెక్-ఇన్ పెట్టె: తొమ్మిది మంది బొమ్మలు నెల్లూరు నుంచి సింగపూర్‌కి ఎలా సర్దాలి?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నెల్లూరు, కావలి, ఒంగోలు, ఉదయగిరి నుంచి తొమ్మిది మందిమి కలిసి సింగపూర్‌లో ఒక చిన్న గ్యాలరీలో పది రోజుల ప్రదర్శన పెడుతున్నాం. 40 అడుగుల గోడ, రెండు బల్లలు ఇస్తామన్నారు. వెళ్లేది ఇద్దరే, చెన్నైలో విమానం ఎక్కుతారు. ఒక్కొక్కరికి 7 కిలోల కేబిన్ బ్యాగు, ఇద్దరికీ కలిపి 20 కిలోల చెక్-ఇన్ పెట్టె ఒకటి. కార్గోలో పంపే స్తోమత లేదు. అందుకని ఆ లోటునే నియమం చేసుకున్నాం: ఈ మూడింటిలో పట్టిందే ప్రదర్శన. పెట్టెల్ని కూడా హాల్లో తెరిచే ఉంచుతాం.

పనులు ఇవీ: ముగ్గురివి కాన్వాసులు (రెండు యాక్రిలిక్, ఒకటి ఆయిల్), ఇద్దరివి వాటర్ కలర్లు, ఒకరివి బొగ్గు బొమ్మలు, ఒకరిది చీమకుర్తి గ్రానైట్, ఒకరిది ఉదయగిరి కొయ్యపని, ఒకరివి తోలుబొమ్మలు. ఏదీ అమ్మకానికి కాదు, అన్నీ తిరిగి రావాలి.

ఒక్కొక్కరికి ఎంత బరువు, ఎంత జాగా ఇవ్వాలి? ఏది చేతిలో పట్టుకెళ్లాలి, ఏది చెక్-ఇన్‌లో వేయాలి? కస్టమ్స్ కాగితాలు ఏం కావాలి? అక్కడ ఒక్క పూటలో గోడకెక్కించాలంటే ఇక్కడే ఏం సిద్ధం చేసుకోవాలి? చిన్న బొమ్మలతో 40 అడుగుల గోడ బోసిగా కనిపిస్తుందన్న దిగులు కూడా ఉంది.

తూకంరాయి (ఒంగోలు)

ముందు లెక్క తేల్చుకోండి, బొమ్మలు తర్వాత. అందరూ జాగా కొలుస్తారు. నిజానికి ముందు అయిపోయేది బరువు.

కేబిన్ బ్యాగుకి మామూలుగా చెప్పే కొలత 55×35×25 సెంటీమీటర్లు. మీ టికెట్ మీద వేరే కొలత ఉంటే అదే లెక్క. చక్రాలు, హ్యాండిల్ గొట్టాలు తినేయగా లోపల మిగిలేది సుమారు 50×33×22, అంటే 36 లీటర్లు. ఇప్పుడు బరువు: 7 కిలోల్లో బ్యాగు బరువే 2.2 కిలోలు. అట్టలు, ఫోమ్, కాగితాలు కలిపి 900 గ్రాములు. కౌంటర్ దగ్గర తూకం అటూ ఇటూ అయితే తట్టుకోవడానికి 300 గ్రాములు వదలండి. మిగిలింది 3.6 కిలోలు. రెండు బ్యాగులకీ 7.2 కిలోలు, తొమ్మిదితో భాగిస్తే తలా 800 గ్రాములు. జాగా మాత్రం తలా 8 లీటర్లు వస్తుంది.

800 గ్రాములంటే ఎంతో చూడండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) వాటర్ కలర్ కాగితం ఏ3 సైజు షీటు 37 గ్రాములు. 21 షీట్లతో 800 గ్రాములు సరి, కట్ట మందం సెంటీమీటరు చిల్లర. అదే జాగా ప్రకారం చూస్తే ఆరు సెంటీమీటర్ల మందం కట్ట పెట్టుకోవచ్చు. అంటే కాగితం పనికి మీ పెట్టె సగానికి పైగా ఖాళీగా ఉండగానే తూకం అయిపోతుంది. ఆ మిగిలిన జాగాని బరువులేని, ఒళ్లు పెద్దదైన పనులకి ఇవ్వండి: వెదురు పుల్లల కట్టడాలు, కాగితం మడతలు, పలచటి గుడ్డ.

గోడ బోసిపోతుందన్న దిగులు అక్కర్లేదు. పెట్టె చిన్నదైతే బొమ్మ చిన్నది కావాలని ఎక్కడా లేదు. ఆరు గజాల వెంకటగిరి చీర మడిస్తే జానెడు. మన తోలుబొమ్మలు నిలబెడితే మనిషెత్తు, చేతులూ కాళ్లూ కీళ్ల దగ్గర ముడిస్తే ఒకదాని మీద ఒకటి పరిచి బుట్టలో పెట్టి ఊరూరూ మోసుకెళ్లినవి. ఈ రెంటిలో ఉన్న ఉపాయాలే మీకూ కావాలి: మడత, కీలు, చుట్ట, ముక్కలు.

ముక్కల ఉపాయం అన్నిటికంటే సులువు. ఒకే బొమ్మని 12 ఏ4 షీట్ల మీద వేసి, అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు పేరిస్తే 84×89 సెంటీమీటర్లు, దాదాపు మూడడుగుల చదరం. బరువు 225 గ్రాములు. మీ వాటర్ కలర్ ఆర్టిస్టు ఇలాంటివి మూడు తెచ్చినా 800 లోపే. వెనక పెన్సిలుతో ‘పై వరుస 1, 2, 3, 4’ అని నంబర్లు, పైకి బాణం గుర్తు తప్పకుండా వేయండి. పక్క షీట్ల గీతలు కలిసేచోట మిల్లీమీటరు తేడా వచ్చినా కన్ను అక్కడికే పోతుంది కాబట్టి షీట్లు ఆనించకుండా మధ్యలో 8–10 మిల్లీమీటర్ల సందు ఉండేలా బొమ్మని ముందే వేసుకుంటే మంచిది.

మల్లు గుడ్డ చదరపు మీటరు 70 గ్రాములుందనుకుంటే, రెండు మీటర్ల పొడవు, 110 సెంటీమీటర్ల పన్నా ఉన్న ముక్క 155 గ్రాములు. గోడ మీద నిండుగా ఒక తలుపంత బొమ్మ.

ఇంకో మాట. ఎవరికి వాళ్లు ఇంట్లో తూచుకుని చెప్పే అంకెలు నమ్మవద్దు. పనులన్నీ ఒకచోటికి తెప్పించి, వంటింటి డిజిటల్ కాటా మీద ప్యాకింగుతో సహా తూచి, పుస్తకంలో రాసుకోండి. ఆ బరువుల్నే బొమ్మ పక్కన చీటీ మీద వేస్తే మీ ప్రదర్శన సంగతి చూసేవాళ్లకి విడిగా వివరించక్కర్లేదు.

పెట్టెలో ఇమిడే ప్రదర్శనకి కళా చరిత్రలో పెద్ద వారసత్వమే ఉంది. మార్సెల్ ద్యుషాం తన పనులకే చిన్న నకళ్లు 69 చేయించి, తెరిస్తే మ్యూజియంలా విచ్చుకునే పెట్టెలో పేర్చాడు. 1935లో మొదలుపెట్టి 1941కి మొదటి పెట్టెలు తయారు చేశాడు. అది యుద్ధకాలం. జున్ను వ్యాపారి పేరుతో తీసుకున్న అనుమతి పత్రం మీద ఆ సామాను జర్మన్ల ఆధీనంలో ఉన్న ప్రాంతం దాటించాడు. పెట్టెని తెరిచి ఉంచాలన్న మీ ఆలోచన చాలా సరైనది, దాన్ని వదలకండి.

రంగులక్క (కావలి)

కాన్వాసులు, కాగితాల సంగతి నేను చెబుతాను.

కాన్వాసుని చట్రం నుంచి విప్పి చుట్టండి. చుట్టేటప్పుడు రంగు వైపు బయటికి ఉండాలి. చాలామంది రంగుని కాపాడుతున్నాం అనుకుని లోపలికి చుడతారు, అక్కడే దెబ్బతింటుంది. బయటికి ఉంటే రంగు పొర కాస్త సాగుతుంది, మళ్లీ పరిచినప్పుడు సర్దుకుంటుంది. లోపలికి ఉంటే పొర నలిగి ముడత పడి పెచ్చు లేస్తుంది. చుట్టే గొట్టం కనీసం 10 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉండాలి. రంగు మందంగా ఉంటే 15 నుంచి 20. ఫ్లెక్సు ప్రింటింగు షాపుల్లో రోలు అయిపోయాక పారేసే అట్ట గొట్టాలు తేలిక, కానీ అవి మూడంగుళాలవే ఎక్కువ. వాటికి బబుల్ షీట్ చుట్టి, పైన బటర్ పేపరు వేసి లావు చేసుకోవచ్చు. నాలుగంగుళాల పీవీసీ పైపు గట్టిదే గానీ మీటరుకి కిలో పైనే తూగుతుంది.

కేబిన్ బ్యాగులో చుట్ట పొడవు 50 సెంటీమీటర్లు దాటకూడదు. కాబట్టి కాన్వాసుకి ఒక పక్క 48 సెంటీమీటర్ల లోపు పెట్టుకుని, రెండో పక్క ఎంతైనా పెంచండి. 48 సెంటీమీటర్ల వెడల్పు, రెండు మీటర్ల పొడవు ఉన్న నిలువు బొమ్మ గొట్టానికి ఆరేడు చుట్లతో అయిపోతుంది. 40 అడుగుల గోడ మీద అలాంటి నిలువు పటాలు మూడు నాలుగు ఉంటే గోడ నిలబడుతుంది.

యాక్రిలిక్‌కి వేడీ పడదు, చలీ పడదు. వేడికి మెత్తబడి దేనికి తగిలితే దానికి అతుక్కుంటుంది. ఎండాకాలంలో నెల్లూరు నుంచి చెన్నై దాకా కారు డిక్కీలో పెడితే విమానం ఎక్కకముందే నష్టం జరిగిపోతుంది. సీటు మీద, ఏసీలో తీసుకెళ్లండి. యాక్రిలిక్ మీద మామూలు బటర్ పేపరు, గ్లాసిన్ (నునుపైన పలచటి కాగితం) కూడా వేడికి అంటుకోవచ్చు, సిలికాన్ పూత ఉన్న కాగితం వాడండి. బేకరీ సామాను అమ్మేచోట దొరుకుతుంది. బబుల్ షీట్ మాత్రం రంగుకి నేరుగా తగలనివ్వకండి, బుడగల గుండ్రాలు రంగు మీద అచ్చుపడతాయి, ఆ తర్వాత ఏం చేసినా పోవు. చల్లబడితే యాక్రిలిక్ బిరుసెక్కుతుంది, ఆ స్థితిలో విప్పితే పగులుతుంది. చెక్-ఇన్‌లో వెళ్లిన చుట్టని దిగిన వెంటనే విప్పకుండా, గదిలో ఒక రాత్రి ఉంచి విప్పండి.

ఆయిల్ బొమ్మ ఎప్పుడు పూర్తయిందో ఆ ఆర్టిస్టుని అడగండి. పలచగా వేస్తే వారం రెండు వారాల్లో పైన చేతికి అంటదు, కానీ కత్తితో మందంగా వేసినది లోపల ఆరడానికి నెలలు పడుతుంది. గోరుతో ఓ మూల నొక్కి చూడండి. గుంట పడితే చుట్టడానికి పనికిరాదు. అలాంటిది ఈసారికి ఇంట్లో ఉంచి, అదే ఆర్టిస్టుతో కాగితం మీద కొత్త పని చేయించడం నయం.

కాగితాలకి: సైన్‌బోర్డు వాళ్లు వాడే 4 మిల్లీమీటర్ల సన్‌ప్యాక్ షీట్లు రెండు తీసుకోండి. ఒకదానికి లోపలి గాడులు నిలువుగా, రెండోదానికి అడ్డంగా వచ్చేలా కోయండి. అప్పుడు ఎటూ వంగదు. ఏ3 కాగితానికి 32.7×45 సెంటీమీటర్లు కోస్తే చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు అంచు మిగిలి మూలలు నలగవు, బ్యాగులో 33లో సరిగ్గా దిగుతుంది. కాగితం నాలుగు మూలలకీ చిన్న కాగితపు జేబులు చేసి వాటిలో దోపండి, టేపు వేయవద్దు. మధ్యలో న్యూస్‌పేపరు అసలు పెట్టకండి, సిరా దిగుతుంది.

బొగ్గు బొమ్మలకి ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాల్సింది ఇక్కడే. ఆ డబ్బా మండే ఏరోసోల్, కేబిన్‌లోనూ చెక్-ఇన్‌లోనూ పనికిరాదు. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు, ఆరుబయట, పలచగా రెండుసార్లు కొట్టి ఆరనివ్వండి. అయినా కొంత పొడి రాలుతుంది. అందుకే ఒక్కో బొమ్మ చుట్టూ 2 మిల్లీమీటర్ల అట్టతో కిటికీ చట్రంలా కోసి పెట్టి, పైన గ్లాసిన్ వేస్తే కాగితం బొమ్మకి తగలకుండా నిలుస్తుంది.

అద్దాలు వద్దు. ఏ3 సైజులో 2 మిల్లీమీటర్ల గాజు 600 గ్రాములు దాటుతుంది, అదే యాక్రిలిక్ షీటు 300. ఏదైనా సరే మీ 800లో పెద్ద వాటా పోతుంది. అద్దం లేకుండానే గోడకి పెట్టే పద్ధతి ఉంది, కింద చెబుతాను.

పెన్నాగట్టు (నెల్లూరు)

అక్కా, చాలా థ్యాంక్స్. తూకంరాయి గారూ, 12 షీట్ల లెక్క మా వాటర్ కలర్ వాళ్లిద్దరికీ బాగా నచ్చింది. మరి అక్కడ దిద్దుకోడానికి కొంచెం రంగులు, టర్పెంటైన్, జిగురు తీసుకెళ్లొచ్చా? రాయి, కొయ్య, తోలు సంగతి ఎవరైనా చెప్పండి.

చీమకుర్తి ఉలి

టర్పెంటైన్ కుదరదన్నా. అది 35 డిగ్రీల దగ్గరే మండే ఆవిరి వదులుతుంది, 60 లోపు ఉన్నవన్నీ మండే ద్రవాల కిందే లెక్క. వార్నిష్, థిన్నర్, రబ్బరు సొల్యూషన్ లాంటి జిగురూ అంతే, ఏ పెట్టెలోనూ వద్దు. ట్యూబుల్లో వచ్చే ఆర్టిస్టు ఆయిల్ రంగులు మామూలుగా ఆ గీత దాటే ఉంటాయి గానీ కౌంటర్లో ‘ఆయిల్ పెయింట్’ అన్న మాట వింటేనే ఆపుతారు. ‘ఆర్టిస్ట్ కలర్స్, లిన్సీడ్ నూనెతో చేసినవి’ అని చెప్పి, కంపెనీ ఇచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో ఫ్లాష్ పాయింట్ (మండే ఆవిరి మొదలయ్యే వేడి) ఉన్న పేజీ ప్రింటు చూపించండి. అవి చెక్-ఇన్‌లోనే వేయండి. కేబిన్‌లో ద్రవాలు, పేస్టులు ఏవైనా ఒక్కోటి 100 మిల్లీలీటర్ల లోపు, అన్నీ కలిపి ఒక లీటరు జిప్ కవర్లో పట్టాలి. దిద్దుబాటుకి నాలుగు వాటర్ కలర్ బిళ్లలు చాలు, అవి ద్రవమే కాదు.

ఇక రాయి. చీమకుర్తి గెలాక్సీ రాయి నీళ్లకి దాదాపు మూడింతల బరువు. 10×10 సెంటీమీటర్ల, ఒక సెంటీమీటరు మందం బిళ్ల 300 గ్రాములు. ఆరంగుళాల చదరం, 18 మిల్లీమీటర్ల మందం పలక ఒక కిలో 200. కాబట్టి మీ శిల్పికి తలా 800 లెక్క చాలదు, ఆయన వాటా చెక్-ఇన్‌లోంచి ఇవ్వండి. 20 కిలోల్లో పెట్టె 3.5, ఇద్దరి బట్టలు 8, మిగిలే 8 కిలోల చిల్లరలో రాయికి మూడు, మూడున్నర. ఆ బరువులో ఒక ముద్ద విగ్రహం కన్నా పది చిన్న బిళ్లలు చేయించడం మేలు. గెలాక్సీ అందం నల్లటి ఒంట్లో మెరిసే చుక్కల్లో ఉంది. అది తెలియాలంటే ఒక ముఖం అద్దంలా పాలిష్, పక్కనే ఉలి దెబ్బల గరుకు, రెండూ ఒకే బిళ్లలో కనిపించాలి. పది బిళ్లల్ని బల్ల మీద పరిచి పక్కన ఒక చిన్న లైటు పెడితే చాలు.

రాయి బరువుకి విరగదు, వంపుకి విరుగుతుంది. పలచటి బిళ్లని పడుకోబెట్టి పైన సామాను వేస్తే మధ్యలో పుటుక్కుమంటుంది. అంచు మీద నిలబెట్టి, ఒక్కోదానికి మధ్య సెంటీమీటరు తెల్ల ఫోమ్ పెట్టి, కట్టగా బిగించి, పెట్టె నడిమధ్య, చుట్టూ ఐదు సెంటీమీటర్లు బట్టలు ఉండేలా సర్దండి. పాలిష్ ముఖానికి మెత్తటి నూలుగుడ్డ. బిళ్ల మీద రాతిపొడి ఒక్క రేణువు మిగిలినా దారంతా రుద్దుకుని గీతలు పెడుతుంది, అందుకని ముందు కడిగి ఆరబెట్టండి. మార్కాపురం పలక వాడాలన్నా ఇదే పద్ధతి. 15×20 సెంటీమీటర్ల, 3 మిల్లీమీటర్ల పలక పావుకిలో లోపే ఉంటుంది, కేబిన్‌లో కూడా పడుతుంది.

ఉలి, సుత్తి, కట్టరు, స్క్రూడ్రైవరు కేబిన్ బ్యాగులో ఉండకూడదు. ముద్దగా ఉన్న బంకమట్టి, ప్లాస్టిసిన్ కూడా ఎక్స్‌రేలో అనుమానం తెప్పిస్తాయి, వద్దు.

ఉదయగిరి కొయ్య: ఆ చెంచాలు, గరిటెలు చేసే కొయ్య తేలిక, కేబిన్‌కి బాగా పనికొస్తుంది. భయం బరువుతో కాదు, తేమతో. మన తీరంలో కొయ్య తేమ పీల్చుకుని ఉంటుంది. విమానంలో గాలి తేమ ఇరవై శాతం లోపే, గ్యాలరీలో ఏసీ. పచ్చిగా ఉన్న కొయ్య అక్కడ గబగబా ఆరి, కొనల దగ్గర పగులుతుంది. ఫోర్కు ముళ్లు, పలచటి కాడలు ముందు పోతాయి. బాగా ఆరిన కొయ్యతో చేసినవే ఎంచుకోండి. ఒక్కోటి కాగితంలో చుట్టి, గాలి చొరబడని కవర్లో పెట్టండి. దిగాక కవరు విప్పకుండా ఒక రోజు గదిలో ఉంచి, ఆ తర్వాత తెరవండి. మెల్లగా సర్దుకుంటుంది.

ఉదయగిరి అనగానే కస్టమ్స్ వాళ్లకి ఎర్రచందనం గుర్తుకొస్తుంది, అది తప్పు కాదు, ఆ కొండల్లో పెరిగేదే. అందుకని కొయ్య పేరు రాసిన బిల్లు వెంట ఉండాలి. ఎర్రచందనం ముక్క అలంకారానికి కూడా ఏ పనిలోనూ ఉండకూడదు.

తోలుబొమ్మల సంగతి: మేకతోలుతో చేసిన కొత్తవే తీసుకెళ్లండి. పాతకాలం బొమ్మల్లో జింకతోలు ఉండేది, అది వన్యప్రాణి చట్టం కిందకొస్తుంది. అలాగే ఏ పనిలోనైనా నెమలి ఈకలుంటే తీసేయండి, వాటి ఎగుమతి నిషేధం. మైపాడు ఒడ్డున ఏరిన గవ్వలూ అంతే, కొన్ని రకాలు రక్షిత జాబితాలో ఉన్నాయి, ఏది ఏదో అక్కడ వాదించలేం. తోలు కీళ్ల దారాలు వదులు చేసి, కాళ్లూ చేతులూ మీదికి మడిచి, రెండు సన్‌ప్యాక్ షీట్ల మధ్య పరచండి. 48×32 సెంటీమీటర్లలో ఇమిడేలా కీళ్లు ఎక్కడ పెట్టాలో కొత్త బొమ్మకైతే ముందే గీసుకోవచ్చు. ఏసీలో తోలు అంచులు పైకి లేస్తాయి, అందుకే నడుమన నిలువుగా వెదురు దబ్బ ఉండాలి.

తోలుబొమ్మకి వెనక నుంచి వెలుతురు లేకపోతే ప్రాణం లేదు. యూఎస్‌బీతో వెలిగే 5 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ తీసుకోండి. గోడ ప్లగ్గు మీద నడపాలంటే అక్కడ చదరపు మూడు పిన్నుల ప్లగ్గు, అడాప్టరు కావాలి, వోల్టేజీ మనదే 230. పవర్ బ్యాంకు అయితే చేతి బ్యాగులోనే, చెక్-ఇన్‌లో వేయకూడదు. పరిమితి 100 వాట్ అవర్లు, 20,000 ఎంఏహెచ్ ఉన్నది 74 వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.

కాగితాల బాబాయ్ (సూళ్లూరుపేట)

బాబూ, మీ బొమ్మలు తిరిగి వచ్చేవి కాబట్టి మీకు సరిపోయేది ఏటీఏ కార్నె. సామానుకి పాస్‌పోర్టు అనుకోండి. మన దేశంలో ఫిక్కీ (వ్యాపార, పరిశ్రమల సమాఖ్య) ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది, సింగపూర్‌లో చెల్లుతుంది. ఫీజు కాకుండా సామాను విలువని బట్టి సెక్యూరిటీ కట్టాలి. కాబట్టి విలువలు నిజాయితీగా, మితంగా వేయండి.

జాబితాలో ప్రతి పనికీ వరుస నంబరు, పేరు, దేనితో చేసిందీ, కొలత, బరువు, విలువ ఉండాలి. 12 షీట్ల బొమ్మని ‘ఒక సెట్టు, 12 ముక్కలు’ అని రాయండి. పది గ్రానైటు బిళ్లలూ అలాగే. కార్నె ఇచ్చాక జాబితాలో కొత్తది చేర్చడం కుదరదు, ఆఖరి నిమిషంలో ‘ఇదొక్కటి పెట్టండి’ అనేవాళ్లకి ఇది ముందే చెప్పండి. పంచిపెట్టే బ్రోషర్లు, జిగురు లాంటి ఖర్చయిపోయేవి కార్నెలో రాయకూడదు.

అందరూ తప్పేది ఎక్కడంటే, చెన్నైలో ముందు బ్యాగు వేసేసి తర్వాత కస్టమ్స్ దగ్గరికి వెళతారు. సామాను చూపించలేకపోతే ముద్ర పడదు. చెక్-ఇన్ కౌంటరు కన్నా ముందే కస్టమ్స్ ఆఫీసుకి మూడు పెట్టెలతో వెళ్లి కార్నెలోని పసుపు రంగు వోచరు మీద ముద్ర వేయించుకోండి. సింగపూర్‌లో దిగాక రెడ్ చానల్‌లో (కస్టమ్స్‌కి సామాను చూపించే దారి) తెల్ల వోచరు. వచ్చేటప్పుడు అక్కడ మళ్లీ తెల్లది, ఇక్కడ మళ్లీ పసుపుది. మొత్తం నాలుగు ముద్రలు. ఒక్కటి తప్పినా, బొమ్మ ఇంటికొచ్చాక కూడా సుంకం అడుగుతారు. మామూలుగా చెప్పే మూడు గంటలకి ఇంకో రెండు గంటలు కలుపుకోండి.

కార్నె సెక్యూరిటీ భారమైతే ఇంకో దారి ఉంది. గ్యాలరీ వాళ్లు అక్కడ తాత్కాలిక దిగుమతి పర్మిట్ తీసుకోవచ్చు. మీరు చెన్నైలో బయలుదేరేటప్పుడు కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు మన వస్తువే అని రుజువవుతుంది. ఏ కాగితమూ లేకుండా గ్రీన్ చానల్‌లో నడిచిపోవడం మాత్రం వద్దు. ప్రదర్శన సామాను వ్యక్తిగత వాడకం కింద రాదు, మామూలు ప్రయాణికుల మినహాయింపు దానికి వర్తించదు. అక్కడ జీఎస్టీ 2024 నుంచి 9 శాతం.

పాతగా కనిపించే వస్తువు ఏదైనా ఉంటే ఇంకో జాగ్రత్త. వందేళ్లు దాటిన కళావస్తువు, 75 ఏళ్లు దాటిన రాతప్రతి దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. కొత్తదే అయినా పాతదానిలా ఉంటే పురావస్తు శాఖ దగ్గర ‘పురాతనం కాదు’ అనే సర్టిఫికెట్ తీసుకోవాలి. సహజ రంగులతో వేసిన తోలుబొమ్మలకి ఈ ప్రశ్న రావచ్చు. ఆర్టిస్టు వాటిని చేస్తున్నప్పుడు తీసిన ఫొటోలు తేదీలతో దగ్గరుంచండి.

పెన్నాగట్టు (నెల్లూరు)

బాబాయ్, పెట్టెలు వేయకముందే కస్టమ్స్ అన్న ముక్క మాకు అసలు తెలియదు. చాలా మేలు చేశారు. ఆఖరి సందేహం. గ్యాలరీ వాళ్లు గోడకి మేకులు వద్దన్నారు, చిన్న పిన్నులైతే పర్లేదట. పొద్దున తాళం ఇస్తే సాయంత్రానికి తెరవాలి.

రంగులక్క (కావలి)

పిన్నులు చాలు. వెడల్పు తల ఉన్న ఇనుప పిన్ను గోడలో గుచ్చి, కాగితం దాని తల మీద ఆనించి, పైన అయస్కాంతం బిళ్ల పెడితే కాగితానికి చిల్లు లేకుండా నిలబడుతుంది. 10 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 2 మిల్లీమీటర్ల మందం నియోడిమియం బిళ్ల గ్రాము చిల్లర. ఏ4కి రెండు పైన, రెండు కింద. 36 షీట్లకి 144 బిళ్లలు, దాదాపు 170 గ్రాములు. పిన్ను తల ఇత్తడిదైతే అతుక్కోదు, కొనేముందు అయస్కాంతంతో పరీక్షించండి. బిళ్లలన్నీ ఒకే కట్టగా అంటించి రేకు డబ్బాలో పెట్టండి, విడివిడిగా ఉంటే ఫోన్లకీ కార్డులకీ అంటుకుంటాయి. బిళ్లకీ కాగితానికీ మధ్య చిన్న తెల్ల కాగితం ముక్క పెడితే మరక పడదు.

చుట్టిన కాన్వాసులకి చట్రం అక్కర్లేదు. పైనా కిందా రెండంగుళాల తెల్ల అంచు వదిలి, కర్ర దూరేలా గొట్టంగా కుట్టించండి. 12 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం అక్కడి హార్డ్‌వేర్ షాపులో కోయించుకోవచ్చు. కింద గొట్టం బరువుకి చుట్ట అలవాటు పోయి గుడ్డ తిన్నగా దిగుతుంది. వేలాడదీసిన మొదటి రాత్రి కింది అంచు కాస్త లేచే ఉంటుంది, కంగారుపడి వెనక నీళ్లు చల్లకండి, తెల్లారేసరికి దిగుతుంది. ఈ కాన్వాసులు కాగితం కన్నా బరువు కాబట్టి పిన్నుకి వేలాడదీసే ముందు ఒక్కో పిన్ను ఎంత మోస్తుందో ఇంట్లో గోడ మీద చూసుకోండి. అనుమానముంటే ఒక్కో గొట్టానికి నాలుగేసి పిన్నులు పంచండి.

నెల్లూరులోనే ఒక పెద్ద గోడ మీద 40 అడుగులు సుద్దతో గీసి, మొత్తం ఒకసారి పెట్టి చూడండి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చూపుకి సరిగ్గా ఆనుతుంది. ఎడమ మూల నుంచి ప్రతి పిన్ను ఎంత దూరం, ఎంత ఎత్తో నూలుదారం మీద ముళ్లు వేసి గుర్తుపెట్టుకోండి. ఆ దారం 40 అడుగులదీ చుట్టి జేబులో వేసుకోవచ్చు. అక్కడ గోడకి పట్టి లాగితే ఒకరు ముడుల దగ్గర పిన్నులు గుచ్చుకుంటూ పోవచ్చు, ఇంకొకరు వెనకే బొమ్మలు పెడుతూ రావచ్చు. టేపుతో కొలిచే పని సగం తగ్గుతుంది.

తూకంరాయి (ఒంగోలు)

అక్క చెప్పిన దానికి ఒక్కటి కలుపుతాను. సర్దేటప్పుడు ఒక్కో వరుస పెట్టగానే పైనుంచి ఫొటో తీయండి, ఫోమ్ ముక్కల మీద కూడా నంబర్లు రాయండి. పోయేటప్పుడు వారం కూర్చుని సర్దుతాం, వచ్చేటప్పుడు గంటలో, అలసిపోయి, వేరే చేతులతో సర్దుతాం. ఎక్కువ బొమ్మలు నలిగేది తిరుగు ప్రయాణంలోనే. ఆ ఫొటోలు ప్రింటు తీసి బ్యాగు మూత లోపల అంటించండి. పెట్టె తెరిచే ఉంటుంది కాబట్టి ప్రదర్శనలో అవి కూడా కనిపిస్తాయి. తిరిగి తూచినప్పుడు మొదటి తూకానికి 50 గ్రాములు తేడా వచ్చినా ఒకటి రెండు షీట్లు గోడ మీదే మర్చిపోయి ఉండొచ్చు, బయలుదేరకముందే వెతకండి.